కారుకు బయట దొరికే కిట్‌తో హీటెడ్ సీట్లు: ముందు సీటు లోపల ఏముందో చూడండి

కారు కంపెనీ నుంచి హీటెడ్ సీట్లు లేకుండా వచ్చింది, బయట దొరికే కిట్ వేయించుకోవచ్చా, ఆ పని సొంతంగా చేసుకోగలమా, బ్యాటరీ దిగిపోతుందా అని అడిగారు. వేయించుకోవచ్చు. ఓపిక, చేతిలో కాస్త పనితనం ఉంటే సొంతంగానూ చేసుకోవచ్చు. బ్యాటరీ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. అయితే మీరు అడగని ప్రశ్న ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే: మీ సీటు లోపల ఇంకా ఏమేం ఉన్నాయి?

మా ఇంట్లో రెండు కార్లకు ఈ పని నేనే చేశాను. నాన్నగారికి నడుము నొప్పి. చలి పొద్దున చల్లటి సీట్లో కూర్చుంటే కాసేపటికే నడుము పట్టేసేది, దిగేటప్పుడు తలుపు పట్టుకుని లేవాల్సి వచ్చేది. అందుకే మొదలుపెట్టాను. పాత కారులో ముందున్న రెండు సీట్లకూ వేడెక్కే ప్యాడ్లు వేశాను. కొత్త కారులో మాత్రం డ్రైవర్ సీటుకే వేసి, పక్క సీటు జోలికి పోలేదు. ఎందుకు పోలేదో చెబితే మీకు నిర్ణయం తేలికవుతుంది.

సీటును వేడి చేయడంలో పెద్ద రహస్యమేమీ లేదు. కరెంటు పారితే వేడెక్కే తీగ, వేడి మించితే ఆపే థర్మోస్టాట్, ఒక స్విచ్. క్యాడిలాక్ 1966 నాటికే దీన్ని ఆప్షన్‌గా అమ్మింది. అప్పటి నుంచి తీగ పెద్దగా మారలేదు, దాని చుట్టూ ఉన్న సీటే మారిపోయింది. ఇప్పుడు చాలా కార్లలో వీపు ఆనించే భాగంలో, తలుపు వైపున, సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. బెల్టు బకిల్ దగ్గర ప్రమాద సమయంలో బెల్టును లాగి బిగించే ప్రీటెన్షనర్ ఉండొచ్చు. పక్క సీట్లో కూర్చున్నది పెద్దవాళ్లా, పిల్లలా, లేక సీటు ఖాళీగా ఉందా అని కనిపెట్టే సెన్సార్ కూడా ఉండొచ్చు.

నేను వెనక్కి తగ్గింది ఈ సెన్సార్ దగ్గరే. కొన్ని కార్లలో అది ఫోమ్ కింద జెల్ నింపిన సంచిలా ఉంటుంది, కొన్నిట్లో కవరుకూ ఫోమ్‌కూ మధ్య పల్చటి షీటులా ఉంటుంది, మరికొన్నిట్లో సీటు ఫ్రేములోనే బరువు కొలిచే భాగాలుంటాయి. ఏ రకమైనా అది చేసే పని ఒకటే: ఆ సీటు ఎదురుగా ఉన్న ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాలా వద్దా అని కారుకు చెప్పడం. ఆ సీటు ఎంత మెత్తగా ఉంటుంది, ఎంత మందంగా ఉంటుంది అన్నదానికి సరిపడా దాన్ని ఫ్యాక్టరీలో సెట్ చేసి పంపుతారు. మనం మధ్యలో ప్యాడ్ దూర్చి, ఫోమ్‌ను పీకి మళ్లీ పెట్టామంటే ఆ లెక్క తప్పొచ్చు. పెద్దవాళ్లు కూర్చున్నా ఎవరూ లేరనుకోవచ్చు, లేదా పిల్లవాడిని పెద్దవాడనుకోవచ్చు. డాష్‌బోర్డు మీద లైటు మామూలుగానే వెలుగుతుంది కాబట్టి తేడా మన కంటికి కనిపించకపోవచ్చు కూడా. ఒక షాపులో "ఏం కాదు సార్, అందరికీ వేస్తున్నాం" అన్నారు. సెన్సార్ ఏ రకమో చెప్పమంటే చెప్పలేకపోయారు. అక్కడి నుంచి వచ్చేశాను. పక్క సీటుకు వేడి తప్పనిసరి అయితే, అదే మోడల్‌కు కంపెనీ హీటర్‌తో వచ్చే సీటు దొరుకుతుందేమో చూసి, డీలర్ దగ్గరే బిగించి సెన్సార్‌ను క్యాలిబ్రేట్ చేయించడం, అంటే ఆ సీటుకు తగ్గట్టు మళ్లీ సెట్ చేయించడం నయం.

మీ సీట్లో ఏముందో తెలుసుకోవడం కష్టం కాదు. సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని ట్యాగ్ ఉంటుంది. పక్కవారి ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చూపే లైటు డాష్‌బోర్డులో తనంతట తాను మారుతుంటే సెన్సార్ ఉన్నట్టే. లైటు లేనంత మాత్రాన సెన్సార్ లేదనుకోకండి, ఓనర్స్ మాన్యువల్‌లో ఎయిర్‌బ్యాగ్ అధ్యాయం పూర్తిగా చదవండి. సీటు కింద పసుపు రంగు కనెక్టరో పసుపు గొట్టంలో వైర్లో కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి. వాటికి వోల్టేజీ, రెసిస్టెన్స్ కొలిచే మల్టీమీటర్ కూడా పెట్టకూడదు. సీటు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి, సర్వీస్ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి, ఎందుకంటే ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లోని కెపాసిటర్లలో కాసేపు కరెంటు నిలిచే ఉంటుంది. ఆ కనెక్టర్లు ఊడదీసి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేయొద్దు. చేశారంటే కంప్యూటర్‌లో ఫాల్ట్ నమోదై వార్నింగ్ లైటు అలాగే ఉండిపోతుంది, స్కానర్‌తో తీయించాలి.

ఇక కిట్. రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి గుడ్డ మీద వంకరటింకరగా తీగ కుట్టినది, రెండోది కార్బన్ ఫైబర్ షీటు. నేను కార్బన్ ఫైబరే కొన్నాను. తీగ రకాన్ని కత్తిరించడం కుదరదు, కత్తిరిస్తే సర్క్యూటే తెగిపోతుంది. కార్బన్ ఫైబర్‌ను తయారీదారు చూపిన గీతల దగ్గర కత్తిరించి సీటు సైజుకు తెచ్చుకోవచ్చు, అదీ వాళ్లు చెప్పిన దిశలోనే. పైగా తీగ ఒకచోట నలిగి తెగితే ప్యాడ్ మొత్తం పనిచేయదు, సగం తెగితే అక్కడే వేడి పోగుపడి కాలే ప్రమాదం ఉంటుంది. ఏది కొన్నా థర్మోస్టాట్ ప్యాడ్‌లోనే ఉండాలి, కిట్‌లో ఫ్యూజ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) రావాలి. ఇవి లేని చవక కిట్ ఎంత అందంగా ప్యాక్ చేసి ఉన్నా వద్దు.

ప్యాడ్‌ను సీట్లో పెట్టకముందే మల్టీమీటర్‌తో కొలవండి. ఒక్కో సీటుకు కూర్చునే చోట ఒకటి, వీపు దగ్గర ఒకటి, రెండు ప్యాడ్లుంటాయి. సాధారణంగా ఒక్కో ప్యాడ్ 25 నుంచి 30 వాట్ల దాకా లాగుతుంది. 12 వోల్టులకు లెక్కేస్తే రెసిస్టెన్స్ ఐదారు ఓమ్‌ల దగ్గర రావాలి. ఆ నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. కవరు బిగించాక మళ్లీ కొలిస్తే అదే నంబరు వచ్చిందంటే బిగింపులో ప్యాడ్ దెబ్బతినలేదన్నమాట. వైరింగ్ మొత్తం అయ్యాక తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ సీటు మళ్లీ విప్పడం కంటే ఈ రెండు నిమిషాల పని ఎంతో మేలు.

అసలు శ్రమంతా కవరు విప్పడంలో ఉంది. కవరును ఫోమ్‌కు హాగ్ రింగులనే చిన్న ఇనుప చుట్టలతో కట్టి ఉంచుతారు. సీటు మీద కనిపించే ఆ లోతైన గీతలున్నాయే, వాటి అడుగున కవరులో ఒక సన్నటి కమ్మీ, ఫోమ్‌లో పాతిన మరో కమ్మీ ఉంటాయి, రింగు ఆ రెంటినీ కలిపి పట్టుకుంటుంది. కటింగ్ ప్లయర్‌తో ఒక్కో రింగును తెంపాలి. కవరును లాగకూడదు. లాగితే ఫోమ్ చిరిగి కమ్మీ బయటికి వచ్చేస్తుంది, ఆ గీత మళ్లీ ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. తెంపిన రింగు ముక్కల్ని లెక్కపెట్టి ఒక డబ్బాలో వేసుకున్నాను, ఎందుకంటే ఒక్క ముక్క ఫోమ్ మీద మిగిలినా కూర్చున్న ప్రతిసారీ అది ప్యాడ్‌ను పొడుస్తుంది. తిరిగి బిగించడానికి కొత్త రింగులు, వాటికోసమే చేసిన ప్లయర్ కొన్నాను. ప్లాస్టిక్ టైలతో సరిపెట్టేవాళ్లున్నారు, నాకు అది నచ్చలేదు. బరువు పడే చోట ఇనుప రింగుకున్న పట్టు వేరు.

ప్యాడ్ వెనక అంటించే టేపు ఉంటుంది. ఫోమ్ మీద ముడత పడకుండా అంటించాలి, ముడత పడిన చోట వేడి రెట్టింపవుతుంది, తొందరగా తెగుతుంది కూడా. ఆ లోతైన గీత అడ్డొచ్చే చోట ప్యాడ్‌ను కిందికి దింపి గీత వెంట తీసుకెళ్లాలి, బల్లపరుపుగా పరిచేసి పైన రింగులు గుచ్చకూడదు. వీపు భాగంలో తలుపు వైపు కుట్టును మాత్రం అసలు ముట్టుకోవద్దు. ఎయిర్‌బ్యాగ్ బయటికొచ్చేది ఆ కుట్టును చీల్చుకునే. అందుకోసమే తేలిగ్గా తెగే దారంతో కుడతారు. ప్యాడ్ దాని మీదికి రాకూడదు. అక్కడ చిరిగితే మామూలు దారంతో కుట్టించి ఊరుకోకూడదు, ఆ కవరే మార్చాలి. ఈ భాగం మీకు చేతకాదనిపిస్తే కారు సీట్లు కుట్టే మంచి పనివాళ్ల చేత కవరు పని చేయించుకుని, వైరింగ్ మీరు చేసుకోండి. ఇందులో నామోషీ ఏమీ లేదు, వాళ్ల చేతిలో ఆ గీతలు కంపెనీ సీటులా కూర్చుంటాయి.

వైరింగ్ దగ్గర నా నియమం ఒక్కటే: ఇగ్నిషన్ ఆఫ్ చేస్తే హీటర్ ఆగాలి. కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా రిలేకు, రిలేను నడిపేది ఇగ్నిషన్ ఆన్ అయినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజ్. బ్యాటరీ నుంచి వచ్చే వైరులోని ఫ్యూజ్ బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి, దారిలో వైరు ఎక్కడ రాసుకుని షార్టయినా అది కాపాడుతుంది. స్టీరింగ్ కిందో డోర్ లోపలో చేతికందిన వైరును గీకి కరెంటు తీసుకోవద్దు. ఇప్పటి కార్లలో అది కంప్యూటర్ల మధ్య డేటా పోయే వైరు కావచ్చు. ఎర్త్ వైరును పెయింటు మీద కాకుండా, పెయింటు గీకిన బాడీ ఇనుముకు బోల్టుతో బిగించాలి.

సీటు కిందికి వచ్చాక ఒక పని తప్పకుండా చేయండి. సీటును పూర్తిగా ముందుకు, పూర్తిగా వెనక్కి జరుపుతూ, పైకెత్తి దించుతూ, టార్చిలైటు వేసి వైరును చూడండి. ఎక్కడా బిగుసుకోకూడదు, పట్టాల్లో పడకూడదు. ముడతల గొట్టం తొడిగి, కదలని చోట కట్టండి. చివరగా సీటు బోల్టులు. వాటిని చేతి బలంతో కాకుండా, బిగువును కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకే బిగించాలి. ప్రమాదంలో మనిషిని, సీటును పట్టి ఉంచేవి ఆ నాలుగు బోల్టులే.

బ్యాటరీ సంగతి. రెండు సీట్లూ హైలో ఉంటే కలిపి 100 నుంచి 120 వాట్లు, అంటే సుమారు 8 నుంచి 10 ఆంపియర్లు. ఒక జత హాలోజన్ హెడ్‌లైట్లు లాగేది కూడా దాదాపు అంతే. ఇంజిన్ నడుస్తుంటే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కు ఇది భారం కాదు. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లోనే ఉంచి, ఎవరి కోసమో ఎదురుచూస్తూ హీటర్ వేసుకుని కూర్చుంటేనే బ్యాటరీ దిగుతుంది. ఎలక్ట్రిక్ కారైతే ఇది ఇంకా లాభం, ఎందుకంటే క్యాబిన్ మొత్తాన్ని వేడి చేసే హీటర్ కిలోవాట్లలో లాగుతుంది. కాకపోతే ఎలక్ట్రిక్ కారులో హై వోల్టేజ్ కరెంటు పారే నారింజ రంగు కేబుళ్ల దరిదాపులకు పోకండి, 12 వోల్టుల వైపు మాత్రమే పని చేయాలి.

వేడి ఎంత ఉండాలన్నది చాలామంది పట్టించుకోరు. చర్మం కాలడానికి మంట అక్కర్లేదు. 44 డిగ్రీల దగ్గర గంటల తరబడి తాకి ఉంటే చాలు, 50 దగ్గరికి వస్తే నిమిషాలే సరిపోతాయి. మామూలుగా మనకు చురుక్కుమంటుంది కాబట్టి కదులుతాం. షుగర్ వల్లో వెన్నుపాము దెబ్బ వల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఆ చురుకు తెలియదు, కాలాక చూసుకుంటారు. నాన్నగారిని కూర్చోబెట్టే ముందు సీటు మీద ప్రోబ్ థర్మామీటర్ పెట్టి, మనిషి కూర్చుంటే వేడి ఎలా నిలుస్తుందో అలా నిలవాలని పైన మడతపెట్టిన దుప్పటి కప్పి, హైలో ఉంచి చూశాను. 40 దాటిన కాసేపటికి థర్మోస్టాట్ ఆపేసింది, చల్లబడ్డాక మళ్లీ అందుకుంది. అలా రెండుమూడు సార్లు ఆగి అందుకోవడం కళ్లారా చూశాకే ఆయన్ని ఎక్కించాను. మీరూ ఇలా చూడండి. 45 దాటి ఇంకా పైకి పోతుంటే ఆ ప్యాడ్ తీసేయండి. చైల్డ్ సీటు బిగించిన సీటుకు హీటర్ వేయొద్దు. హీటర్ ఉన్న సీటు మీద మోకాళ్లూని వెనక సీట్లోని సామాను అందుకోవద్దు, లోపలి తీగలు ఎక్కువగా తెగేది అలాగే.

ఇదంతా ఎక్కువనిపిస్తే, 12 వోల్టుల సాకెట్‌కు పెట్టుకునే హీటెడ్ కుషన్లు ఉన్నాయి. డ్రైవర్ సీటు మీద జారకుండా కట్టుకోగలిగేది, సైడ్ ఎయిర్‌బ్యాగ్ కుట్టును కప్పనిది అయితే ఫర్వాలేదు. సెన్సార్ ఉన్న పక్క సీటుకు అదీ వద్దు. కిట్ వేయాలనే నిర్ణయించుకుంటే, వారంటీలో ఉన్న కారైతే డీలర్‌ను ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మీ కారు మోడల్, ఏ సంవత్సరానిదో, పక్క సీటు కింద ఏ రంగు కనెక్టర్లు కనిపిస్తున్నాయో రాస్తే ఆ సీటును విప్పొచ్చో లేదో నాకు తెలిసినంతలో చెబుతాను.