కాల్షియం కలపగానే ద్రావణం తెల్లబడుతోంది, ఎందుకు?

విజయనగరంలో ఎమ్మెస్సీ చదువుతున్న ఒకరి ప్రశ్న ఇది. మెదడు ముక్కల నుంచి విద్యుత్ సంకేతాలు రికార్డు చేసే ఉప్పు ద్రావణంలో కాల్షియం క్లోరైడ్ వేయగానే పాలలా అవుతోందట.

ఆ తెలుపు కాల్షియం కార్బొనేటు, ఫాస్ఫేటు. ఈ ద్రావణంలో సుమారు 25 మిల్లీమోలార్ సోడియం బైకార్బొనేటు ఉంటుంది. గ్యాస్ పట్టకపోతే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, కాల్షియం కరగని తెల్లటి పదార్థంగా విడిపోతుంది. కాబట్టి ముందు మిగతా లవణాలన్నీ కలిపి, 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గ్యాస్‌ను బుడగలుగా పంపండి. పీహెచ్ 7.4 దగ్గర నిలిచాకే, ద్రావణాన్ని కలియతిప్పుతూ కాల్షియాన్ని చుక్కచుక్కగా వేయండి. తెల్లబడినదాన్ని వడగట్టి మాత్రం వాడొద్దు, దయచేసి. ఎంత కాల్షియం పోయిందో తెలియదు. ఒక న్యూరాన్ (నాడీకణం) నుంచి ఇంకోదానికి సంకేతం దాటడమే కాల్షియం మీద ఆధారపడి ఉంది.

నీళ్లు డీఅయొనైజ్డ్‌వే (లవణాలు తీసేసినవే) వాడాలి. బోరు నీళ్లలో ముందే కాల్షియం ఉంటుంది. 1880లలో బ్రిటిష్ వైద్యుడు సిడ్నీ రింగర్ కప్ప గుండెకు కాల్షియం అవసరమని కనిపెట్టింది కుళాయి నీళ్లతో చేసిన ద్రావణం వల్లే!

మన తీర జిల్లాల తేమకు కాల్షియం క్లోరైడ్ సీసాలోనే చెమ్మగిల్లి తూకం తప్పుతుంది. కొత్త సీసా తెరిచిన రోజే 1 మోలార్ స్టాక్ (తర్వాత పలచన చేసుకునే గాఢ ద్రావణం) చేసి పెట్టుకోండి. 2 మిల్లీమోలార్ కావాలంటే లీటరుకు అందులోంచి 2 మిల్లీలీటర్లు చాలు.