గో-కార్ట్‌కి ఏ స్ప్రాకెట్ వేయాలి?

చిన్నా,

వెనక ఎన్ని పళ్ళ స్ప్రాకెట్ (చైన్ పట్టే పళ్ళ చక్రం) వేయాలని అడిగావు. ఒక నంబరు చెప్పేయడం తేలికే, కానీ అది నీ ఇంజిన్‌కి, నీ టైర్లకి, నువ్వు తోలే ట్రాక్‌కి సరిపోవాలి కదా, అందుకే నంబరు ఎలా పట్టుకోవాలో చెబుతాను.

వెనక ఇరుసు మీది స్ప్రాకెట్ పళ్ళని ముందు, అంటే ఇంజిన్ మీది స్ప్రాకెట్ పళ్ళతో భాగిస్తే వచ్చేదే రేషియో. వెనక 66, ముందు 11 అయితే 6. ఇంజిన్ నిమిషానికి 12,000 చుట్లు, అంటే 12,000 ఆర్‌పీఎం మీద ఉంటే యాక్సిల్ (వెనక ఇరుసు) 2,000 తిరుగుతుంది, టైరు చుట్టుకొలత 86 సెంటీమీటర్లయితే గంటకి సుమారు 103 కిలోమీటర్లు. రేషియో పెంచితే పికప్ వస్తుంది, టాప్ స్పీడ్ పోతుంది. లెక్క ఇంతే.

అసలు పని ట్రాక్ మీద ఉంది. రెండు చోట్ల ఆర్‌పీఎం చూడు: అన్నిటికన్నా నెమ్మదైన మలుపులో ఎంతకి పడిపోతోంది, పొడవైన స్ట్రెయిట్ చివర, బ్రేక్ వేసే ముందు ఎంతకి ఎక్కుతోంది. బ్రేక్ పాయింట్ ఇంకా దూరంగా ఉండగానే లిమిటర్ (ఇంజిన్ వేగాన్ని హద్దు దాటనివ్వనిది) తగులుతుంటే వెనక ఒక పన్ను తగ్గించు. మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు ఇంజిన్ మూలుగుతూ లేస్తుంటే ఒకటి పెంచు. రెండూ ఒకేసారి కుదరకపోతే నేనైతే మలుపు వైపే మొగ్గుతాను, ఎందుకంటే అక్కడ దొరికిన స్పీడు స్ట్రెయిట్ పొడుగునా నీతోనే వస్తుంది. అయితే ఒక మాట గట్టిగా చెబుతున్నా, బ్రేక్ ఎక్కువ తొక్కేసి ఆర్‌పీఎం పడగొట్టుకుంటుంటే దానికి స్ప్రాకెట్ మందు కాదు. మొదట నీ లైన్, అంటే మలుపు తీసుకునే దారి, సరిచేసుకో, ల్యాప్ టైములు నిలకడగా వచ్చాక పళ్ళ జోలికి వెళ్ళు.

ముందు స్ప్రాకెట్‌ని ఊరికే కదపకు. 66 వెనక అలాగే ఉంచి ముందు 11 తీసి 12 వేస్తే రేషియో ఒక్కసారిగా 5.5కి దిగుతుంది, అదే మార్పు వెనక చేయాలంటే 60 దాకా రావాలి. చిన్న సవరణలన్నీ వెనకే చేసుకో. 66కి 11 వేసినా, 72కి 12 వేసినా రేషియో ఒక్కటే, కానీ నాకు రెండోదే ఇష్టం, చైన్ మరీ ఇరుకుగా వంగదు, పళ్ళు తొందరగా అరగవు. కాకపోతే పెద్ద స్ప్రాకెట్ నేలకి దగ్గరగా ఉంటుంది, కెర్బ్‌ల (ట్రాక్ అంచు దిమ్మెల) మీదికి ఎక్కే అలవాటుంటే చూసుకో.

219 సైజు చైన్ అయితే స్ప్రాకెట్లు రెండూ 219వే ఉండాలి. మార్చిన ప్రతిసారీ ఇంజిన్ జరిపి చైన్ వదులు సరిచూడు, రెండు స్ప్రాకెట్లు ఒకే వరసలో ఉన్నాయో లేదో స్కేలు ఆనించి చూడు. సెంట్రిఫ్యూగల్ క్లచ్ (ఇంజిన్ వేగం పెరిగితే దానంతటదే పట్టే క్లచ్) ఉన్న బండికి రేషియో మరీ తగ్గించావంటే క్లచ్ జారుతూ వేడెక్కిపోతుంది.

ఇంకోటి, పొద్దున సరిపోయిన గేరింగ్ సాయంత్రానికి చాలకపోవచ్చు. ట్రాక్ మీద రబ్బరు పడేకొద్దీ గ్రిప్ పెరిగి మలుపుల్లో స్పీడు నిలుస్తుంది, అప్పుడు చాలాసార్లు వెనక ఒక పన్ను తగ్గించాల్సి వస్తుంది.

ఈసారి నాకు రాసేటప్పుడు ఆ రెండు ఆర్‌పీఎంలూ, వాటి పక్కన ల్యాప్ టైమూ రాసి పంపు. టాప్ స్పీడ్ ఒక్కటే రాస్తే నేనేమీ చెప్పలేను.

మీ బాబాయ్