గుమ్మడి పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే

పువ్వులు బోలెడు, పిందెలు మాత్రం గోలీకాయంత ఉండగానే పసుపెక్కి రాలుతున్నాయన్నారు కదా, చాలావరకు అది పరాగ సంపర్కం (మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకు చేరడం) జరగకే. పురుగుమందు కొట్టకండి, పుప్పొడి మోసుకొచ్చే నాలుగు తేనెటీగలూ పోతాయి. ఆ పని మీరే చేత్తో ఇలా చేయండి.

1. సన్నటి కాడ మీద నిలబడేది మగ పువ్వు. అడుగున బుల్లి కాయ ఉన్నది ఆడ పువ్వు.
2. మగ పువ్వు కోసి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడ పువ్వు మధ్యభాగం చుట్టూ మెల్లగా రాయండి.

అందరూ తప్పేది టైమ్ దగ్గరే. గుమ్మడి పువ్వు తెల్లవారుతుండగా విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. సాయంత్రం తీరిగ్గా రాస్తే లాభం లేదు. ఉదయం 9 లోపే, ఆ రోజు విచ్చుకున్న పువ్వులతోనే చేయండి. వేలితో తాకితే పుప్పొడి పసుపుపచ్చటి పొడిలా అంటుకోవాలి.

వారంలో పిందె లావెక్కడం మీకే కనిపిస్తుంది. మొదట్లో అన్నీ మగ పువ్వులే వచ్చినా టెన్షన్ పడకండి, ఆడ పువ్వులు తర్వాత వస్తాయి.