బోదెలో నాటు చేపలు మళ్లీ కనిపించాలంటే

ప్రశ్న: మాది కోనసీమ. మా వరిచేల పక్కనున్న పంట బోదెలో (చిన్న కాలువలో) ఇదివరకు చేదు పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు, ఇంగిలాయిలు విరివిగా ఉండేవి. పొక్లెయిన్‌తో పూడిక తీయించాక దాదాపు కనుమరుగయ్యాయి. శీలావతి, బొచ్చె పిల్లలను తెచ్చి వదలమంటారా?

– ఒక రైతు

జవాబు: వదలవద్దు. శీలావతి, బొచ్చె నదికి వరద వచ్చినప్పుడు పారే నీటిలో గుడ్లు పెట్టే చేపలు. బోదెలో పెరిగినా అక్కడ పిల్లలు పెట్టవు కనుక ఏటా కొని వదలవలసిందే. మీరు కోరుతున్న నాటు రకాలు ఒక్కటీ తిరిగి రావు. పైగా 2000లో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గానీ, తిలాపియా గానీ ఆ పిల్లలలో కలిసి వచ్చాయంటే మిగిలిన కాసిని చిన్న చేపలకూ ముప్పే.

అసలు కారణం మీ లేఖలోనే ఉన్నది. వేసవిలో కాలువలు కట్టేసి నీరు ఆపినప్పుడు బోదెలోని చేపలన్నీ లోతున్న చోటికి చేరతాయి. అడుగును చదునుగా చెక్కేస్తే ఆ చోటు ఉండదు. మట్టగిడస, ఇంగిలాయి గాలి పీల్చగలవు కాబట్టి తడి బురదలోనైనా కొన్నాళ్లు ప్రాణం నిలుపుకుంటాయి. పరిగెకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఈసారి కాలువలు కట్టాక, నీటిపారుదల సిబ్బందికి, పక్క రైతులకు చెప్పి, పారుదలకు అడ్డు రాకుండా, చెట్టు నీడ ఉన్నచోట అడుగున మరో నాలుగైదు అడుగుల లోతు గుంట తీయించండి. ఆ గుంటను తోడి చేపలు పట్టరాదని ఊళ్లో కట్టుబాటు చేసుకున్నాకే తీయించండి. లేకుంటే ఉన్న చేపలన్నిటినీ ఒకచోట పోగేసి అప్పగించినట్టవుతుంది.

సార్వా (ఖరీఫ్) పంటకు నీరు వదిలాక ఈ చేపలు గుడ్లు పెట్టడానికి చేలలోకి ఎక్కుతాయి. గండ్లన్నిటికీ మావులు (చేపలు పట్టే బుట్టలు) పెట్టి ఆ దారి మూయవద్దు. చేలో నీటి మీద ఎర్రని సన్నపిల్లలు ముద్దగా, బుడబుడమంటూ కదులుతుంటే అవి కొర్రమీను పిల్లలు; వాటి కిందనే పెద్ద చేప కాపలా ఉంటుంది. దాన్ని గాలంతో పట్టేస్తే ఆ గుంపంతా ఇతర చేపల పాలవుతుంది.

సైపర్‌మెత్రిన్ వంటి పురుగుమందులు అతి స్వల్ప మోతాదులోనే చేపలను చంపుతాయి. మందు కొట్టిన చేలో నీటిని వెంటనే బోదెలోకి తీయవద్దు, స్ప్రేయర్‌ను అందులో కడగవద్దు.

రెండు సార్వాలు గడిచినా పరిగె కనిపించకపోతే, అప్పుడు మీ కాలువకే ఎగువన పట్టిన పరిగెలను మాత్రమే తెచ్చి వదలండి.