ఏ సబర్బ్ అని తేల్చుకునే ముందు పాపను అడిగారా?

ప్రశ్న: మాకు ఆస్ట్రేలియా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చింది. మావారికి మెల్‌బోర్న్ నగరం నడిబొడ్డున, సదరన్ క్రాస్ స్టేషన్ దగ్గర ఉద్యోగం ఖాయమైంది. జనవరి మొదటి వారంలో ప్రయాణం. పాపకు 13 ఏళ్లు, ఇక్కడ ఎనిమిదో తరగతి. బాబుకు వచ్చే జూన్‌లో 5 నిండుతాయి. మావారి స్నేహితులంతా నగరానికి పడమట టార్నీట్ అనే సబర్బ్ (శివారు ప్రాంతం)లో ఉన్నారు. అక్కడే స్థలం, ఇల్లు కలిపి బుక్ చేసేద్దామంటారు. నేను నగరానికి తూర్పున ఉన్న గ్లెన్ వేవర్లీ స్కూలు గురించి ఎంతో విన్నాను, ఆ జోన్‌లోనే ఉండాలంటాను. నెల రోజులుగా ఇదే గొడవ. పాప ఏమీ మాట్లాడదు, గది తలుపు వేసుకుని కూర్చుంటుంది. మా ఇద్దరిలో ఎవరి మాట సరైనదో చెప్పండి.

జవాబు: అమ్మా, ఇంత ఉత్తరంలో పాప గురించి మీరు రాసింది ఒకే ఒక్క మాట. మిగతా అంతటికన్నా నన్ను ఆపింది అదే. ఇల్లు ఎక్కడని మీరిద్దరూ నెల రోజులుగా వాదించుకుంటున్నారు. ఆ ఇంట్లోంచి రోజూ కొత్త బడికి వెళ్లాల్సిన పిల్లను మాత్రం ఎవరూ అడిగినట్లు లేదు. తలుపు వేసుకోవడాన్ని మొండితనం అనుకోకండి. అమ్మానాన్నలు తన చదువు పేరు చెప్పి కొట్లాడుకుంటుంటే, గొడవకు తానే కారణమని ఆ వయసు పిల్లలు చాలా తేలిగ్గా నమ్మేస్తారు.

ముందు పాపకు చెప్పవలసిన ఒక మంచి మాట ఉంది. విక్టోరియా రాష్ట్రంలో విద్యా సంవత్సరం జనవరి చివర మొదలై డిసెంబరులో ముగుస్తుంది. పిల్లలను సాధారణంగా వయసును బట్టి తరగతిలో వేస్తారు కాబట్టి మీ పాప అక్కడి ఎనిమిదో తరగతి, అంటే ఇయర్ 8లో చేరవచ్చు, అదీ సంవత్సరం మొదటి రోజుల్లోనే. తరగతి మధ్యలో వెళ్లి అందరి ముందూ నిలబడే పరిస్థితి ఉండదు, తన ఈడు పిల్లలతోనే చదువుతుంది. సెలవుల తర్వాత అందరూ కొత్త టైమ్‌టేబుల్ పట్టుకుని తిరిగే వారమది. ఈ సంగతి తెలిస్తే ఆమె భయం సగం తగ్గవచ్చు.

ఇక మీ ఇద్దరి సంగతి. ఎవరిది సరైన మాట అని అడిగారు. ఇద్దరిదీ భయమే అని నాకు అనిపిస్తోంది. అందరినీ వదిలి వెళ్తున్న చోట, అర్ధరాత్రి పిల్లాడికి జ్వరం వస్తే తలుపు తట్టడానికి ఒక ఇల్లు కావాలన్నది మీవారి ఆరాటం. అది చిన్న విషయం కాదు, దాన్ని 'స్నేహితుల పిచ్చి' అని కొట్టిపారేయకండి. రేపు పాప చదువులో ఏ కొంచెం తేడా వచ్చినా 'తల్లి పట్టించుకోలేదు' అన్న మాట మీ మీదికే వస్తుందన్నది మీ ఆందోళన. అదీ ఉత్త పంతం కాదు. సబర్బ్ పేర్లు పక్కన పెట్టి, ఈ రెండు భయాలను ఒకరికొకరు చెప్పుకోండి. పేర్లు మధ్యలోకి వస్తే మళ్లీ మ్యాపు తీసుకుని వాదన మొదలవుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొదటి ఏడాది ఇల్లు కొనకండి. అద్దెకు ఉండండి. ఆ అద్దె ఇల్లు ఎక్కడ అన్నది పాప అవసరాన్ని బట్టి నిర్ణయించండి. బాబుకు ముందు బోలెడంత చదువు ఉంది, అతను ఏ ప్రాథమిక పాఠశాలలో అయినా ఇమిడిపోతాడు. పాపకు ఉన్నది ఇయర్ 12 దాకా 5 ఏళ్లు మాత్రమే. ఆ 5 ఏళ్లలో రెండుసార్లు బడి మారడం ఆమెకు మంచిది కాదు.

టార్నీట్ మీద నాకు ఏ వ్యతిరేకతా లేదు. మన వాళ్లు, రైలు, కొత్త ఇళ్లు అన్నీ ఉన్న చోటు. అయితే అలా కొత్తగా పెరుగుతున్న ప్రాంతాల్లో ఇల్లు బుక్ చేసే ముందు ఒక సంగతి చూడాలి. అక్కడ కొత్తగా తెరిచే హైస్కూళ్లు తరచు ఇయర్ 7తోనే మొదలై, ఏటా ఒక్కో తరగతి పెంచుకుంటూ పోతాయి. మీ వీధికి దగ్గరగా మెరిసే కొత్త బడి ఉన్నా, అందులో మీ పాప తరగతే ఉండకపోవచ్చు. పైగా స్థలం కొని ఇల్లు కట్టించుకోవడం అంటే తాళాలు చేతికి వచ్చే దాకా ఎలాగూ మరోచోట అద్దెకు ఉండాలి. ఉద్యోగం కుదురుకోక ముందే, ఊరు చూడక ముందే, ఫోటోలు చూసి అంత పెద్ద అప్పు నెత్తిన పెట్టుకోవలసిన తొందరేమిటి?

గ్లెన్ వేవర్లీ విషయంలో మీరు విన్నది అబద్ధం కాదు. ఆ బడికి మంచి పేరుంది. ఆ పేరు వల్లే దాని జోన్‌లో ఇళ్లకు గిరాకీ. అక్కడ ప్రభుత్వ బడులకు జోన్లు ఉంటాయి. మీరు నిజంగా నివసించే చిరునామా ఏ బడి జోన్‌లో ఉంటే ఆ బడిలో సీటు మీ హక్కు. జోన్ బయటివారికి ఖాళీలుంటేనే. సరిహద్దు ఒక్కోసారి వీధి మధ్యలోంచి పోతుంది, ఎదురింటికి వచ్చే సీటు మీకు రాకపోవచ్చు. అందుకే ఏజెంటు ప్రకటనలో ఆ బడి పేరు ఉందని లీజు మీద సంతకం చేయకండి. ప్రభుత్వానిదే 'ఫైండ్ మై స్కూల్' అనే వెబ్‌సైటు ఉంది. ఇంటి నంబరుతో సహా చిరునామా కొట్టి, ఏ సంవత్సరానికో ఎంచుకుని చూడండి, ఎందుకంటే సరిహద్దులు మారుతుంటాయి.

ర్యాంకుల జాబితాలు చూసి మీరు నిద్ర పాడుచేసుకుంటున్నారేమో. అక్కడి 12వ తరగతి పరీక్ష వీసీఈలో ఒక్కో సబ్జెక్టుకు 50 దాకా స్కోరు ఇస్తారు, సగటు 30 దగ్గర ఉండేలా లెక్క కడతారు. జాబితాలో పైనున్న కొన్ని బడులు పరీక్ష పెట్టి పిల్లలను ఏరుకున్నవి. ఏరుకున్న పిల్లలకు మంచి స్కోరు వస్తే అందులో బడి పాత్ర ఎంతో ఆ అంకె చెప్పదు. దానికి బదులు 'మై స్కూల్' వెబ్‌సైటు చూడండి. 3, 5, 7, 9 తరగతుల్లో దేశమంతా పెట్టే నాప్లాన్ పరీక్ష ఫలితాలను, అలాంటి నేపథ్యమే ఉన్న ఇతర పిల్లల ఫలితాలతో పోల్చి చూపిస్తారు. ఒకే పిల్లలు రెండేళ్లలో ఎంత ముందుకు వెళ్లారో కూడా ఉంటుంది. ర్యాంకుకన్నా ఆ ఎదుగుదల చూడటమే మేలు.

మంచి చదువంతా తూర్పు వైపే ఉందనుకోవడం కూడా సరికాదు. రాష్ట్రంలో ప్రవేశ పరీక్షతో ఇయర్ 9 నుంచి చేర్చుకునే ప్రభుత్వ బడులు నాలుగు. మెల్‌బోర్న్ హైస్కూల్ మగపిల్లలది, మాక్‌రాబర్ట్‌సన్ ఆడపిల్లలది, నాసల్, సుజాన్ కోరీ ఇద్దరికీ. వీటిలో సుజాన్ కోరీ ఉన్నది వెరిబీలో, అంటే టార్నీట్ పక్కనే. ఆ పరీక్ష ఇయర్ 8 పిల్లలకు జూన్ ప్రాంతంలో జరుగుతుంది. ఈ వాక్యం చదివి మీ మనసు ఎటు పరిగెత్తిందో ఊహించగలను. దయచేసి దిగీ దిగగానే పాపను కోచింగ్‌లో పడేయకండి. లెక్కల్లో మన పిల్లలు చాలామంది ముందే ఉంటారు. ఇబ్బంది ఎక్కువగా రాతలో వస్తుంది. ఒక విషయం మీద తన అభిప్రాయం చెప్పి కారణాలతో నిలబెట్టడం, కథ చదివి సొంతంగా విశ్లేషించడం మన బడుల్లో పెద్దగా చేయించరు. అది కొన్ని నెలల్లో వచ్చేది కాదు. ఆమెకు ఇష్టమైతే రాస్తుంది. వద్దంటే వదిలేయండి, మామూలు బడి నుంచి కూడా మంచి విశ్వవిద్యాలయాలకు వెళ్తారు.

మీవారి రాకపోకలకు టార్నీట్, గ్లెన్ వేవర్లీ రెండూ పనికొచ్చేవే. అటు నుంచి, ఇటు నుంచి నేరుగా నగరానికి రైళ్లున్నాయి. రెండింటి మధ్య రోడ్డు దూరం మాత్రం 50 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. తూర్పున ఉంటే స్నేహితుల ఇంటికి సాయంత్రం నడిచి వెళ్లి కూర్చోవడం కుదరదు, శని ఆదివారాల పని అవుతుంది. అది ఆయన వదులుకునేది. పడమట ఉంటే మీరు కలగన్న బడి ఉండదు. అది మీరు వదులుకునేది. ఏది ఎంచుకున్నా ఎవరు ఏం వదులుకున్నారో రెండోవారు గుర్తించి పైకి చెప్పాలి. ఈ రెండు పేర్లకే కట్టుబడనక్కర్లేదు కూడా. రైలు మార్గాల వెంట పాప తరగతిలో చోటుండి, అద్దె మీ జీతానికి సరిపడే సబర్బ్‌లు మరెన్నో ఉన్నాయి.

మీ ఉత్తరంలో మీ గురించి ఏమీ లేదు. బాబు విషయం మీ రోజును నేరుగా తాకుతుంది కాబట్టి చెబుతున్నాను. అక్కడ బడిలో మొట్టమొదట చేరే తరగతి ప్రెప్, ఒకటో తరగతికి ముందుది. అందులో చేరాలంటే ఆ ఏడాది ఏప్రిల్ 30 నాటికి 5 నిండాలి. మీ బాబుకు జూన్‌లో నిండుతాయి, కాబట్టి మీరు వెళ్లిన ఏడాది అతనికి కిండర్‌గార్టెన్. ప్రభుత్వ పథకంలో చేరిన కిండర్లలో నాలుగేళ్ల పిల్లలకు వారానికి 15 గంటలు ఉచితం. 15 గంటలంటే రెండు మూడు రోజులే. మిగతా రోజులు పిల్లాడు, వంట, కొత్త ఊరు, ఇంట్లో మీరొక్కరు. మీరు ఉద్యోగం చేయాలనుకుంటే రోజంతా ఉంచుకునే చైల్డ్ కేర్ దగ్గర్లో ఉందా అన్నది కూడా ఇల్లు చూసేటప్పుడే చూడాలి. టీకాల కాగితాలు జాగ్రత్తగా తీసుకెళ్లండి. అక్కడి టీకాల రిజిస్టరులో అవి నమోదైతే తప్ప కిండర్‌లో చేర్చుకోరు.

పాపతో ఎలా మాట్లాడాలి? 'ఎక్కడుందాం?' అని అడగకండి. ఆ బరువు ఆమెది కాదు. మీరిద్దరూ కూర్చుని అద్దె, రైలు, తరగతి సరిపడే రెండు మూడు బడులు ఎంచండి. వాటి వెబ్‌సైట్లు ఆమె ముందు పెట్టండి. సంగీతం ఉందా, ఆటలేమిటి, రెండో భాషగా ఏం నేర్పుతారు అన్నవి ఆమెనే చూడమనండి. ఆ రెండు మూడింటిలో ఆమె మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి. స్నేహితులను వదిలి వెళ్లే బాధకు మాత్రం 'అక్కడ కొత్తవాళ్లు దొరుకుతారులే' అని జవాబు చెప్పకండి. వినండి, అంతే. వీడ్కోలు చెప్పడానికి వాళ్లను ఒకరోజు ఇంటికి పిలవనివ్వండి. తిండి, నిద్ర తగ్గి రెండు వారాలు దాటితే ప్రయాణానికి ముందే ఇక్కడ నిపుణులకు చూపించండి. అక్కడికి వెళ్లాక పిల్లలే స్వయంగా ఫోన్ చేసి మాట్లాడుకునే కిడ్స్ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 1800 55 1800, రోజంతా పనిచేస్తుంది. మీతో చెప్పుకోలేనిది వాళ్లతో చెప్పుకోవచ్చని ఆమెకు ముందే తెలియనివ్వండి.

ఇంకొక్కటి, ఇది ఆలస్యం చేయకూడనిది. డిసెంబరు మూడో వారం నుంచి జనవరి చివరి దాకా అక్కడి బడులకు వేసవి సెలవులు, ఆఫీసులో ఫోన్ ఎత్తేవారు ఉండకపోవచ్చు. మీరు దిగేది సరిగ్గా అప్పుడే. కాబట్టి ఎంచుకున్న బడులకు ఈ వారంలోనే ఈమెయిల్ రాయండి. ఇయర్ 8లో చోటుందా, చిరునామాకు రుజువుగా లీజు సరిపోతుందా, బయటి దేశం నుంచి వచ్చే పిల్లలకు ఇంగ్లిష్‌లో అదనపు సాయం ఎలా ఉంటుందో అడగండి. పాప రిపోర్టు కార్డులు, పాస్‌పోర్టు, వీసా ప్రతులు సిద్ధంగా పెట్టుకోండి. ఆ ఈమెయిల్ మీరూ మీవారూ పక్కపక్కన కూర్చుని రాయండి. పంపే ముందు పాపను పిలిచి చదివించండి, తాను అడగాలనుకున్న ప్రశ్న ఏదైనా ఉంటే అందులో చేర్చమనండి.