వామనుడి గొడుగు సంగతి విన్నాకే పార్సిల్ కట్టు

చిన్నీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి, నువ్వు ఇన్‌స్టాలో కొండపల్లి బొమ్మలు అమ్ముతావంట, పేజీ కూడా తెరిచేశావంట అని చెప్పింది. ముందు తెగ సంబరపడ్డా, ఇంటి పని ఇంటి పిల్ల చేతికే వచ్చిందని. ఓ అరగంట పోయాక మొదలైంది గుండె దడ. అమ్మటం నీకొచ్చు, నీ నోటి ముందు నిలిచే సరుకు లేదు. పంపటమే రాదు. హాస్టల్‌కి పోతూ ఆవకాయ సీసా బట్టల మధ్య కుక్కి మూడు డ్రెస్సులు పాడు చేసుకుంది నువ్వే కదా. అందుకే కళ్ళజోడు పెట్టుకుని ఇదంతా టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

టేపు మంచిది కొను. అడ్రస్ చీటీ ఒకటి లోపల కూడా వెయ్యి. ఫోన్ నంబరు, పిన్ కోడ్ రెండుసార్లు చూసుకో. ఇవన్నీ నీకు యూట్యూబ్ చెప్తుంది, నేను చెప్పక్కర్లేదు.

నేను చెప్పాల్సింది వేరే ఉంది. 1994 దసరా ముందు రాజమండ్రి నుంచి ఒకావిడ వచ్చి మన ఇంట్లో దశావతారాల సెట్టు, అంబారీ ఏనుగు చూసి ముచ్చటపడింది, మనవరాలికి మొదటి బొమ్మల కొలువంట. బస్సులో పట్టుకెళ్ళలేను, పోస్టులో పంపమ్మా అని డబ్బులు చేతిలో పెట్టి వెళ్ళింది. నేను సబ్బుల అట్టపెట్టె తెచ్చి, వరిగడ్డి దట్టంగా కూరి, పదకొండు బొమ్మలూ అందులో గుచ్చినట్టు పెట్టి, పైన గుడ్డ కుట్టి, లక్క సీలు వేయించి పంపా. కదిపితే కదలలేదు, బ్రహ్మాండంగా కట్టానని మురిసిపోయా. కానీ గడ్డి ఇంట్లో ఉన్నట్టు దారిలో ఉండదు కదా, లారీ కుదుపులకి అణిగి అణిగి కిందకి దిగిపోయింది, పైన బెత్తెడు ఖాళీ వచ్చింది, ఇంక ఏనుగు లోపల రోకలే అయిపోయింది. పెట్టెకి బయట సొట్ట కూడా పడలేదంట. బొమ్మని పగలగొట్టింది పక్క బొమ్మే.

వారం రోజులకి కార్డొచ్చింది. బొమ్మలు అందినవి, వామనుడికి గొడుగు లేదు, ఏనుగు తొండం విరిగినది, తొండం ముక్క గడ్డిలో దొరికింది గానీ గొడుగు పొడి అయిపోయింది, అతికించుట ఎట్లో రాయగలరు అని. అంతే రాసింది పాపం, ఒక్క మాట తిట్టలేదు. నాకేమో డబ్బులు వెనక్కి అడుగుతుందేమోనని భయం, ఆ నెల ఇంట్లో అసలే కటకట. మీ పెదనాన్న ఆ సాయంత్రమే గోరంత గొడుగు కొత్తది చెక్కి, రంగేసి, ఇదిగో కవర్లో పెట్టి పంపు, చింతగింజల జిగురు పెట్టమని రాయి అన్నాడు. రేపు రేపు అనుకుంటూ పంపలేదు. దసరా వెళ్ళిపోయింది. తర్వాత రాయటానికి మొహం చెల్లలేదు. ఆ గొడుగు ఇప్పటికీ నా సూదులడబ్బాలో ఉంది, నువ్వు చిన్నప్పుడు దాన్ని నోట్లో పెట్టుకుంటే వీపు మీద ఒకటేశా గుర్తుందా, అదే.

కాబట్టి ఒక్కో బొమ్మనీ విడివిడిగా చుట్టు. మన పొణికి చెక్క మెత్తనిది, తేలికది, చేతులూ తొండాలూ గొడుగులూ అన్నీ విడిగా చెక్కి అతికించినవే, దెబ్బ ముందు అక్కడే తగుల్తుంది. ముందు ఆ సన్నటి భాగాల చుట్టూ దూది గానీ పాత మెత్తటి గుడ్డ గానీ పెట్టి ఖాళీలు నింపు, తర్వాతే మొత్తం చుట్టు. రంగుని తగిలేది పల్చటి తెల్ల కాగితమే అవ్వాలి, న్యూస్‌పేపర్ వద్దు, వానాకాలం దాని సిరా తెల్ల రంగు మీద దిగిందంటే గోవిందా. ఎనామిల్ వేసిన బొమ్మలైతే ముట్టుకుంటే ఆరినట్టే ఉంటాయి, బబుల్ ర్యాప్ తగిలిస్తే బుడగల అచ్చులు పడతాయి. ఇంకో నాలుగు రోజులు ఆగు, కస్టమర్ తొందరపెట్టినా సరే. న్యూస్‌పేపర్ ఉండలు చేసి డబ్బా మూలల్లో కూరటానికి వాడుకో, గడ్డిలా అణిగిపోకుండా గట్టిగా.

ఖర్చు సంగతికొస్తే, పెద్ద డబ్బా తీసుకోకు. కొరియర్ వాళ్ళు బరువే కాదు, పొడవు వెడల్పు ఎత్తు సెంటీమీటర్లలో గుణించి మామూలుగా 5000తో భాగిస్తారు, ఏది ఎక్కువైతే దానికి డబ్బులు. 30, 20, 15 డబ్బా అంటే 1.8 కిలోలు లెక్క, లోపల నీ బొమ్మ 300 గ్రాములే ఉన్నా సరే. అదే 20, 15, 10 అయితే 600 గ్రాములు. బొమ్మ చుట్టూ రెండు వేళ్ళ సందు ఉంటే చాలు. మెడికల్ షాపు వాళ్ళ ఖాళీ డబ్బాలు గట్టివి, అడిగితే ఇస్తారు, పాత లేబుల్ మాత్రం పీకెయ్, లేకపోతే పార్సిల్ ఎక్కడికో పోతుంది. ఫ్రాజైల్ స్టిక్కర్లకి డబ్బులు తగలెయ్యకు, గోడౌన్లో అర్ధరాత్రి మూటలు విసిరే కుర్రాడికి అది చదివే తీరికెక్కడ పాపం. కట్టాక చెవి దగ్గర పెట్టుకుని ఊపు, టక్కుమన్నా విప్పి మళ్ళీ కట్టాల్సిందే. నడుమెత్తు నుంచి ఒకసారి కింద పడెయ్యి కూడా, నీ చేతుల్లో పగిలితే నష్టం బొమ్మ ఖరీదే.

ఇంకోటి, లోపల ఒక చీటీ పెట్టు, ఏదన్నా విరిగితే ఎలా అతికించాలో, నీకు ఏ నంబర్‌కి చెప్పాలో రాసి. ఎవరన్నా ఫొటో పంపితే అన్నం పళ్ళెం ముందున్నా సరే ముందు రిప్లై ఇవ్వు. డబ్బులు తిరిగివ్వాల్సొస్తే నాకు చెప్పు, మీ అమ్మకి చెప్పకు, నేను చూసుకుంటా. ఇది మాత్రం మర్చిపోయావో, ఊరుకునేది లేదు.

రేపు నీకో అంబారీ ఏనుగు పంపుతున్నా, నేనే కడుతున్నా. విప్పేటప్పుడు గబగబా చింపెయ్యకుండా ఒక్కో పొరా ఎలా చుట్టానో చూసుకుంటూ తియ్యి. తొండం ఉందో లేదో ముందు చెప్పు, కుశలప్రశ్నలు తర్వాత.

మీ పెద్దమ్మ