అబ్బాయి కథ ఆపకండి, మీ బావతో మాట్లాడండి

ప్రశ్న: మాది కోనసీమలో వైనతేయ గట్టున ఓ పల్లె. మా అబ్బాయికి 14 ఏళ్ళు, డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అని కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు. రెండేళ్ళుగా వీల్‌చైర్‌లోనే ఉన్నాడు. మాది మేనరికం. అందుకే వాడికిలా అయిందని బావ లోలోపలే కుమిలిపోతారు, వాడితో సరిగా మాట్లాడరు. చూసినవాళ్ళు జాలిపడతారని గుమ్మం దాటనివ్వరు. ఏడో తరగతితో బడి మాన్పించారు. ‘కాళ్ళే పోయాక ఇంకేం ఆసుపత్రి’ అని చెకప్‌లూ ఆపేశారు. ఆయన ఏటా కనుమకి ప్రభల తీర్థంలో మా ఊరి దేవుడి ప్రభ మోస్తారు. ఈసారి తననీ ఆ తీర్థం జరిగే జగ్గన్నతోట తీసుకెళ్ళమని అబ్బాయి అడిగితే వద్దన్నారు. అప్పట్నుంచి వాడు నోటుబుక్కు నిండా ఓ కథ రాస్తున్నాడు. తను అనూరుడట, వీల్‌చైర్ రథమట, గోదావరి ఏడు పాయలూ దాటి సముద్రం చేరాలట, కోట తలుపులు మూయించిన రాజు అడ్డమట. రోజంతా అదే లోకం. వాడికి తెలియకుండా చదివి భయపడ్డాను. మతి చలిస్తోందా? సైకియాట్రిస్టుకు చూపించాలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మతికి ఏమీ కాలేదు. తిండీ నిద్రా మానేసినా, బతకాలని లేదన్నా, కథకీ నిజానికీ తేడా తెలియకపోయినా వెంటనే డాక్టరుకి చూపించండి. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ లేదు. ఆ ప్రశ్న ఇక్కడితో వదిలేద్దాం.

వాడు ఎంచుకున్న హీరోని చూశారా? అనూరుడు వినత పెద్దకొడుకు, మీ ఊరి పాయకి పేరొచ్చిన గరుత్మంతుడికి స్వయానా అన్న. తొడలు లేకుండా పుట్టి సూర్యుడి రథం తోలుతున్నాడు. ఏ మునీశ్వరుడో ప్రత్యక్షమై కాళ్ళు ప్రసాదించే ఘట్టం మీవాడి కథలో ఉన్నట్టు మీరు రాయలేదు. వాడు కాళ్ళు అడగట్లేదమ్మా, తలుపు తియ్యమంటున్నాడు. ఆ రాజు ఎవరో మీకు తెలియలేదంటే నేను నమ్మను.

మీ ఇంట్లో చక్కబడాల్సింది ఆ తండ్రీకొడుకుల మధ్య ఉన్నది. ఊరి ప్రభని చేలకడ్డంగా భుజాన మోసుకెళ్ళే మనిషి, కన్నకొడుకుని వీధి అరుగు మీద కూర్చోబెట్టడానికి జంకుతున్నాడు. జాలిపడేవాళ్ళు ఎటూ పడతారు. వాళ్ళ చూపులకి భయపడి బిడ్డని దాచేస్తే వాడికి అర్థమయ్యేది ఒక్కటే, నాన్నకి నేనంటే సిగ్గు అని. మందులు కొనిచ్చి, మంచం వేయించి ఊరుకుంటే తండ్రి బాధ్యత తీరదు. ఇందులో మీ వంతూ ఉంది. బావ బాధపడతారని మీరు నోరు మెదపరు. ఆ మౌనం ఖర్చంతా పిల్లాడి మీదే పడుతోంది.

ఆయన మోస్తున్న నేరం అసలు ఆయనది కాదు. మేనరికాల వల్ల వచ్చే జన్యు జబ్బులు వేరే ఉన్నాయి. డుషెన్ అలాంటిది కాదు. ఎక్స్ క్రోమోజోమ్ మీదున్న ఒక జన్యువులో లోపంతో వస్తుంది, అందుకే దాదాపు మగపిల్లల్లోనే కనిపిస్తుంది. తల్లి నుంచి రావచ్చు, బిడ్డలోనే కొత్తగా పుట్టనూవచ్చు. బయటి సంబంధం చేసుకున్నవాళ్ళ పిల్లలకీ వస్తుంది. తల్లి నుంచి వచ్చినా అది తల్లి చేసిన తప్పు కాదు, అత్తగారు ఏమన్నా సరే మీరు నెత్తిన వేసుకోవద్దు. మీరు చెబితే ఆయన వింటారో లేదో. డాక్టరు నోటి వెంట వినిపించండి. ఈసారి ఆసుపత్రికి ఆయన రావాల్సిందే.

ఆ ప్రయాణం వాయిదా వెయ్యకండి. ఈ జబ్బు కాళ్ళతో ఆగదు, గుండె కండరాన్నీ, ఊపిరికి పనికొచ్చే కండరాల్నీ పట్టుకుంటుంది. బయటికి ఏ లక్షణమూ కనిపించకపోయినా కనీసం ఏటా గుండె పరీక్ష, వీల్‌చైర్‌లోకి వచ్చాక ఆరు నెలలకోసారి శ్వాస పరీక్ష చేయించాలి. చెకప్‌లు ఆపేశారన్న వాక్యం చదివి, కథ గురించి మీరు పడ్డ టెన్షన్ నేను దీని గురించి పడ్డాను.

బడి సంగతి. ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం, అదే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 18 ఏళ్ళు వచ్చేదాకా దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కు 2016 నాటి చట్టం ఇచ్చింది. మెట్లున్నాయని బడివాళ్ళు అంటే ర్యాంపు వెయ్యమని అడగండి, పరీక్షలకి రాసిపెట్టే మనిషినీ అదనపు సమయాన్నీ అడగండి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కుని టీచర్లతో మాట్లాడండి. అడగడానికి బావ వెళ్ళాలి, అబ్బాయిని వెంటబెట్టుకుని.

వచ్చే కనుమకి జగ్గన్నతోట కూడా. అంత జనంలో, చేలగట్ల మీద వీల్‌చైర్ కష్టమే. తోటలోకి వెళ్ళే వీలున్న దారి ముందుగా చూసుకుని, ప్రభలు రాకముందే చేర్చి, పక్కన ఇద్దరు కుర్రాళ్ళని ఉంచితే సరిపోతుంది. ప్రభని అన్ని మైళ్ళు నడిపించేవాళ్ళకి ఇదో లెక్క కాదు.

ఇక ఆ నోటుబుక్కు. దొంగచాటుగా చదివానని అబ్బాయికి చెప్పేయండి, కోప్పడితే పడనివ్వండి. నాన్నకి చూపించనా అని అడగండి. వద్దంటే చూపించకండి. బావకి చెప్పాల్సింది మీ మాటల్లోనే చెప్పండి, ఈ రాత్రే.